ఆ గడిలో ఎవరి పేరూ రాయకండి

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆయన్నే తిడుతూ ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ పుస్తకంలో మిగతావాళ్ళంతా కన్నీళ్ళతో మొదలుపెడతారని నాకు తెలుసు. నేను తిట్లతోనే మొదలుపెట్టాలి, జరిగింది అది కాబట్టి.

ముందురోజు సాయంత్రం ఆయన కొల్లేటి లంకలో ఉన్న చెల్లెలింటికి వెళుతూ, "అక్కగారూ, పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేస్తానండి. నా బకెట్టు కాస్త వరసలో పెట్టండి" అన్నారు. ఏలూరులో మా వీధి మొత్తానికి ఒకటే కుళాయి, అదీ మా ప్రహరీ గోడని ఆనుకుని ఉంది. తెల్లవారుజామున నా నమాజు అయ్యే వేళకి అది గురక పెట్టడం మొదలుపెడుతుంది. ఆ తరువాత నీళ్ళు ఎంతసేపు వస్తాయో వదిలేవాడికి కూడా తెలియదు. నేను ఆయన స్టీలు బకెట్టుని నా బిందె వెనకాల పెట్టాను. నా వంతు అయింది. ఆయన వంతు వచ్చింది. మనిషి లేడు. "చెప్పిన వేళకి రాని మనిషికి బకెట్టెందుకు, వరసెందుకు, ఇన్నేసి చదువులెందుకు" అని నేను వీధి చివరిదాకా వినపడేలా అంటూ ఉండగా, పక్కింటి గేదెల ఆవిడ సెల్‌ఫోను చేత్తో పట్టుకుని వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"మామ్మగారూ, ఇంక ఊరుకోండి. మాస్టారు నిద్దట్లోనే పోయారంటండి. ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు."

నేను ఆయన బకెట్టు నింపాను. ఆ తరువాత ఆ నీళ్ళని ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

తాడేపల్లిగూడెం హైస్కూల్లో ఆయన దగ్గర సైన్సు చదువుకున్న పిల్లలంతా కలిసి ఈ పుస్తకం వేస్తున్నారు. నాకు చదవడం రాదు, రాయడం రాదు. వేలిముద్ర కూడా సరిగా పడదు, గిన్నెలు తోమి తోమి గీతలు అరిగిపోయాయి. అందుకని ఆయన శిష్యురాలిని ఒకమ్మాయిని నా దగ్గరికి పంపారు. ఇప్పుడు తనూ టీచరే. నేను చెబుతున్నాను, టీచరమ్మ రాస్తోంది. మాస్టారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంది. మంచి మాటలు చెప్పడానికి మీరు చాలామంది ఉన్నారు. నాకు మీతో ఒక పేచీ ఉంది. మాస్టారు నా గోడ మీద ఖాళీగా ఉంచిన గడిలో ఆయన పేరు రాయిద్దామని మీరంతా అనుకున్నారు, పెయింటరుని కూడా పంపించారు. నేను అతన్ని వెనక్కి పంపేశాను. మామ్మగారికి చాదస్తం అని మీరు అనుకుంటున్నారని విన్నాను. చాదస్తం ఎవరిదో చివరిదాకా చదివి మీరే చెప్పండి.

మా ఆయన కళాయి పని చేసేవారు. రాగి బిందె, ఇత్తడి గిన్నె ఏది తెచ్చినా కొలిమి మీద కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్క రాస్తే లోపల వెన్నెల పరిచినట్టు తెల్లగా వచ్చేది. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ పని తగ్గింది, ఆ తరువాత ఆయనా పోయారు. ఇంటి ముందు గది అద్దెకివ్వాల్సి వచ్చింది. అప్పుడు వచ్చారు మాస్టారు, ఒక ట్రంకు పెట్టె, ఒక స్టీలు బకెట్టు, జేబు నిండా సుద్దముక్కలతో. భార్య లేదు, పిల్లలు లేరు. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి పాఠాలు చెప్పి, సాయంత్రం ప్యాసింజరుకి వచ్చేవారు. రైలు ఎంత ఆలస్యమైనా విసుక్కోవడం నేను చూడలేదు. "వస్తుందిలెండి" అనేవారు. ఆయన పక్కనుంటే మనకే విసుగు రెండింతలయ్యేది. ఇద్దరి విసుగూ మనమే పడాలి కదా.

ఆదివారం కొల్లేరు వెళ్ళివచ్చారంటే నాకు భయం. మూతలేని క్యానులో బతికున్న కొర్రమీనుని తెచ్చి, నేను గుడ్డలు నానబెట్టిన తొట్టిలో వదిలేసేవారు. "మీకోసమే అక్కగారూ, ప్రాణంతో ఉంటే రుచండి" అని. నేను చీర పిండబోతే అందులోంచి చేప ఎగిరేది. ఎన్నిసార్లు చెప్పినా తొట్టిలోనే వదిలేవారు. పులుసు మాత్రం నేను పెట్టి పంపితే గిన్నె నాకి, కడిగి మరీ ఇచ్చేవారు.

రిటైరయ్యాక ఇంకా కష్టమైంది. ఇంట్లోనే ఉండేవారు కదా. నీళ్ళ కోసం వచ్చిన ఆడవాళ్ళ వెంట పిల్లలుంటారు, వాళ్ళు ఊరికే నిలబడి కొట్టుకుంటూ ఉంటారు. అది ఆయన చూడలేకపోయారు. "గోడ మీద చిన్న మూలకాల పట్టిక వేసుకుంటానండీ అక్కగారూ" అన్నారు. చిన్నది అన్నారు కదా అని సరే అన్నాను. మా పెద్దమ్మాయికి పురుడు పోయడానికి అత్తిలి వెళ్ళి, నెల దాటాక వచ్చి చూద్దును కదా, ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా గళ్ళే. మేస్త్రీలు పట్టే దారానికి నీలిమందు పూసి గీతలు కొట్టారట. ఒక్కొక్క గడిలో ఒక అక్షరం, పైన ఒక అంకె. రంజానుకి సున్నం వేయించిన గోడ అండి అది.

"ఏంటండీ మాస్టారూ ఇది? ఇది చిన్నదా?"

"లోకంలో ఉన్నవన్నీ ఇందులోనే ఉన్నాయండి. ఆ లెక్కన చిన్నదే కదండీ" అన్నారు.

పోనీ గోడ పాడైతే పాడైంది, తీరుగానైనా ఉందా అంటే అదీ లేదు. పై వరసలో ఈ చివర ఒక్క గడి, ఆ చివర ఒక్క గడి, మధ్యలో అంతా ఖాళీ. నులక మంచం నడుం విరిగినట్టు కుంగి ఉంది. అడుగున చూస్తే, బంతిలో చోటు చాలక వరండాలో విస్తళ్ళు వేసినట్టు విడిగా రెండు వరసలు. వాళ్ళేం పాపం చేశారని అడిగాను. "పాపం కాదండి, వాళ్ళని లోపలే కూర్చోబెడితే పట్టిక మరీ పొడుగైపోయి గోడ చాలక గేదెల వాళ్ళ దొడ్లోకి వెళ్ళిపోవాలి" అన్నారు. ఆ పై ఖాళీలో మాత్రం గేదెల ఆవిడ స్టూలు ఎక్కి పిడకలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను కేకలేస్తే మాస్టారే ఆవిడ తరఫున మాట్లాడారు. "కొట్టుకోనివ్వండి అక్కగారూ. అక్కడికి ఎవరూ రారు. ఇటుది ఒకటో నెంబరు, అటుది రెండో నెంబరు. ఒకటికీ రెండుకీ మధ్య ఎన్నటికీ ఏమీ ఉండదు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా పేచీకి ఇది కావాలి.

నాకు మొదట కోపం వచ్చింది ఇత్తడి దగ్గర. రాగి ఎక్కడా అంటే చూపించారు. తగరం చూపించారు. వెండి, బంగారం, రాగికి కింద ఒకే నిలువులో ఉన్నాయి. ఒక నిలువులో ఉన్నవాళ్ళకి ఇంటి పోలికలు ఉంటాయట. తగరం కింద సీసం ఉంది. అది మాత్రం నేను వెంటనే ఒప్పుకున్నాను. దొంగ కళాయి వేసేవాళ్ళు తగరంలో సీసం కలుపుతారని మా ఆయన ఎప్పుడూ అనేవారు, పోలిక లేకపోతే ఎలా కలుస్తుంది? అంతా బాగానే ఉంది. ఇత్తడి ఏదీ అన్నాను.

"ఇత్తడి లేదండి."

"ఇత్తడి గిన్నెలు మెరిపించి మా ఆయన నా పిల్లలకి అన్నం పెట్టారు. ఇత్తడి లేదంటారేంటండీ?"

"ఉందండి, లోకంలో ఉంది. కానీ అది ఒకళ్ళు కాదు, ఇద్దరి కాపరం. రాగీ జింకూ కలిస్తే ఇత్తడి."

"కాపరం చేసుకునేవాళ్ళకి మీ గోడ మీద చోటు లేదా? పైగా అది నా గోడ."

"ఇద్దరికీ విడివిడిగా చోటుందండి. చూడండి, పక్కపక్కనే. ఇరవై తొమ్మిది రాగి, ముప్పై జింకు."

"మరి కంచు?"

"రాగీ తగరమూనండి. అది కొంచెం దూరపు సంబంధం."

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు? ఆయన గొంతు పెంచరు, మనం పెంచితే సిగ్గుపడాల్సి వస్తుంది. నేను మాత్రం సిగ్గుపడలేదు. ప్రతి రంజానుకీ ఈ గోడకి సున్నం వేయించేస్తానని చెబుతూనే వచ్చాను. ప్రతిసారీ ఆయన "మీ గోడ, మీ ఇష్టమండి" అని, సున్నం వేసే మనిషికి మిగతా మూడు గోడలూ చూపించేవారు.

ఇప్పుడు కుళాయి సంగతి చెప్పాలి. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే బిందె తెచ్చి పెట్టలేనివాళ్ళు, ఇంట్లో పసిపిల్ల ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు, ముందుగా వచ్చి వరసలో ఒక రాయో, ఇటుక ముక్కో, చిల్లుపడిన మగ్గో పెట్టి వెళతారు. అది వాళ్ళ చోటు. దాన్ని ఎవరూ కదపరు. ఒకసారి వీధిలోకి కొత్తగా వచ్చిన కోడలొకతి, పెద్ద ప్లాస్టిక్ బిందె పట్టుకొచ్చి, ఒక రాయిని కాలితో తోసి తన బిందె పెట్టేసింది. ఆ రాయి వీధి చివరి బాలింతది. ఇంక చూడండి.

"ఆ రాయి తియ్యడానికి నువ్వెవరివమ్మా?"

"రాయేగా పిన్నీ, రాయికేం దాహమా? నాది పెద్ద బిందె, మోసుకొచ్చేసరికి నడుం పడిపోయింది. ఖాళీగా ఉన్న చోట పెట్టుకున్నాను."

"ఖాళీగా ఉందా? కళ్ళు కనపడట్లేదా నీకు?"

"కనపడే అడుగుతున్నా. మనిషేది మరి?"

గేదెల ఆవిడ ఆ కోడలి బిందె పట్టుకుంది, ఆ పిల్ల ఆవిడ కొంగు పట్టుకుంది. పెద్దమనిషి కదా, వచ్చి తీరుస్తారు అని నేను మాస్టార్ని పిలిచాను. ఆయన సుద్దముక్క పట్టుకుని వచ్చారు. ఇద్దర్నీ విడదీయలేదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళారు. అక్కడ జుట్లు పట్టుకునేదాకా వస్తే ఈయన రష్యా కథ మొదలుపెట్టారు.

ఆ దేశంలో ఒక గడ్డం ఆయన ఉండేవారట. అప్పటికి తెలిసిన మూలకాలన్నిటినీ బరువు ప్రకారం వరసలో పెట్టుకుంటూ వెళ్ళారట. పెడుతూ ఉంటే ఒకచోట పోలిక కుదరలేదు. తగరం నెత్తి మీద ఉండాల్సిన మనిషి కనపడలేదు. ఇంకొకరైతే తరువాతి వాళ్ళని ముందుకి జరిపేసి వరస నింపేసేవారు. ఆయన జరపలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి, ఇక్కడికి ఒకరు రావాలి, వచ్చేవాడి బరువు ఇంత, తీరు ఇలా అని ముందే చెప్పారట. అందరూ నవ్వారు. కొన్నేళ్ళకి ఆ మూలకం దొరికింది. అచ్చం ఆయన చెప్పినట్టే ఉందట.

"చూశారామ్మా, ఆయన రాయి పెట్టారు" అన్నారు మాస్టారు, ప్లాస్టిక్ బిందె కోడలి వైపు తిరిగి. "రాయి ఉన్నచోట మనిషి లేరని కాదు. ఇంకా రాలేదని. వచ్చేవాళ్ళు వస్తారు, చోటు ఉంచడం మన పని."

కోడలు తక్కువది కాదు. "సరే మాస్టారూ, బరువు ప్రకారమే అన్నారుగా. నా బిందె బరువు. ముందు నాకివ్వండి" అంది. అందరూ నవ్వారు. మాస్టారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, కుళాయిలో నీళ్ళు వచ్చి పోతున్నా పట్టించుకోలేదు.

"బరువుతో వచ్చిన చిక్కే అదమ్మా" అని మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన చిన్నప్పుడు కొల్లేట్లో లంక నుంచి బడికి తాటి దోనెలో వెళ్ళేవారట. దోనె నడిపేవాడు పిల్లల్ని బరువుని బట్టి కూర్చోబెట్టేవాడు. లావుగా ఉన్నవాడు మధ్యలో, బక్కవాళ్ళు చివర్లో. ఎవడైనా జ్వరం పడి లేచొస్తే వాడి చోటు మారిపోయేది. బళ్ళోకి వెళ్ళాక మాత్రం హాజరు నెంబరు ప్రకారమే. ఎంత చిక్కినా ఎంత బలిసినా ఎవడి నెంబరు వాడిదే. మూలకాలకి కూడా అంతేనట. గడ్డం ఆయన పెట్టిన వరసలో కొన్నిచోట్ల బరువైనది ముందు, తేలికైనది వెనకా పడింది. పోలికని నమ్మి ఆయన అలాగే ఉంచేశారు, ఎందుకో మాత్రం చెప్పలేకపోయారు. ఆ తరువాత ఒక పడుచువాడు కనిపెట్టాడు. ప్రతి మూలకానికీ నడిమధ్యన ఒక గింజ ఉంటుందట. ఆ గింజలో ప్రోటాన్లని ఉంటాయట. అవి ఎన్ని ఉంటే అది దాని నెంబరు. పరమాణు సంఖ్య అన్నారు. ఒక్కటి పెరిగితే పక్క గడి. "ఇరవై తొమ్మిదిన్నర ఉండదమ్మా. అందుకని రాగికీ జింకుకీ మధ్య ఎవరూ దూరడానికి లేదు." ఆ పడుచువాడు ఇది కనిపెట్టిన కొద్దికాలానికే యుద్ధానికి వెళ్ళి చచ్చిపోయాడట. అది చెప్పి మాస్టారు పాఠం ఆపారు. కుళాయి కూడా ఆగిపోయింది. ఆ రోజు మా వీధిలో సగం మందికి నీళ్ళు లేవు. తిట్లన్నీ నాకే పడ్డాయి, మాస్టార్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాదు కదా.

కానీ మధ్యలో దూరడానికి లేదన్న ముక్క నాకు బాగా నచ్చింది. కుళాయి దగ్గర చాలాసార్లు వాడాను.

ఇంక అసలు గడి సంగతి. పెద్ద పట్టికలో అట్టడుగు వరస కుళాయి పక్కనే, నీళ్ళు చిందే ఎత్తులో ఉంటుంది. ఆ వరసలో చివర్లో ఉన్నవాళ్ళు భూమిలో దొరికేవాళ్ళు కాదట. పెద్ద పెద్ద యంత్రాల్లో ఒకదాన్నొకటి గుద్దించి పుట్టిస్తారట. మాస్టారు పేపరు చూసి, కొత్తది పుట్టిందంటే చాలు, రంగు డబ్బా తీసేవారు. ఒకసారి నూట పద్దెనిమిదోది దొరికిందని అమెరికాలో ఎవరో చెప్పారట. ఈయన పండగలా ఆ గడి నింపేశారు. కొన్నాళ్ళకి అబ్బే, మేం చెప్పింది తప్పు, అది లేదు అన్నారట వాళ్ళే. మాస్టారు చాకు తీసుకుని గడి గీకడం మొదలుపెట్టారు. రంగుతో పాటు నా గచ్చు కూడా ఊడొచ్చింది.

"ఉన్నాడో లేడో తెలుసుకోకుండా నా గోడ ఎందుకెక్కించారండీ వాణ్ణి?"

"తొందరపడ్డానండి" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదొక్కసారే.

మళ్ళీ కొన్నేళ్ళు గడిచాక రష్యావాళ్ళూ అమెరికావాళ్ళూ కలిసి, నూట పద్దెనిమిది ఈసారి నిజంగానే కనపడిందన్నారు. మాస్టారు ఈసారి రంగు ముట్టుకోలేదు. బొగ్గుతో రాశారు. ఇంకొకళ్ళు కూడా చూశామంటే అప్పుడు రంగు వేస్తారట. అప్పటికి నూట పదహారు కూడా వచ్చేసింది. మధ్యలో నూట పదిహేడు మాత్రం రాలేదు. దాన్ని పుట్టించడానికి కావలసిన సరుకే లోకంలో దొరకడం లేదట.

"వెనకున్నది ముందెలా వచ్చిందండీ?" అన్నాను.

"రాయి పెట్టినావిడ ఆలస్యమైతే, వెనకావిడ ముందు పట్టుకుని వెళ్ళదా అండి? అలాగే. చోటు మాత్రం రాయిదే."

ఆ నూట పదిహేడో గడికి ఆయన చేసిన సేవ నేను నా పిల్లలకి కూడా చెయ్యలేదు. చుట్టూ గీత చెరిగిపోతే మళ్ళీ గీసేవారు. నీళ్ళు చిందిన పాచి కొబ్బరి పీచుతో రుద్దేవారు. కుర్రాళ్ళు అందులో వాళ్ళ పేర్లు రాస్తే తుడిచేవారు. ఎన్నికలప్పుడు ఎవరో సరిగ్గా ఆ గడిలోనే కాగితం అంటించి పోయారు, అక్కడ ఖాళీగా ఉందని. వేడినీళ్ళు పోసి పొద్దంతా గీకారు.

ఒకరోజు నాకు విసుగొచ్చి అడిగేశాను. "మాస్టారూ, ఇవన్నీ పుట్టి ఎంతసేపు ఉంటాయి?"

"రెప్పపాటు కూడా ఉండవండి."

"రెప్పపాటు ఉండనిదానికి ఇంత గడీ, ఇంత కాపలానా?"

ఆయన పీచు కడిగి పక్కన పెట్టి, "అక్కగారూ, మీకెంతమంది పిల్లలండి?" అన్నారు.

"అయిదుగురు" అన్నాను.

నా ఇంటికి వచ్చిపోయేది నలుగురే అని ఆయనకి తెలుసు. రెండోవాడు పుట్టిన పూటే పోయాడు. ఎవరు అడిగినా నేను అయిదుగురనే చెబుతాను. నలుగురని నా నోటికి రాదు.

"అంతేనండి" అన్నారు మాస్టారు. ఆ తరువాత నేను ఆ గడి గురించి ఆయన్ని ఏమీ అడగలేదు. సున్నం మాట కూడా ఎత్తలేదు.

ఆయన పోయాక మీరంతా వచ్చారు. మంచి పిల్లలు, నాకు తెలుసు. ఆయన కట్టెల దగ్గర మీరు ఏడ్చిన ఏడుపు నేను చూశాను. తరువాత పెయింటరు రంగు డబ్బాలు పట్టుకుని వచ్చాడు. మాస్టారి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు ఆ ఖాళీ గడిలో రాయమన్నారట. నేను ముక్కాలి పీట తెచ్చుకుని ఆ గడికి అడ్డంగా కూర్చున్నాను. అతను మధ్యాహ్నం దాకా చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఈ టీచరమ్మ వచ్చింది.

"మామ్మగారూ, గౌరవం కోసమేనండి. ఆయన ప్రాణం పెట్టుకున్న గడి కదా అది. ఆయన పేరుంటే తప్పేంటండి? ఎలాగూ ఖాళీగానే ఉంది."

ఖాళీగానే ఉంది. ప్లాస్టిక్ బిందె కోడలు అన్న మాటే ఇది. ఆ పిల్ల అయితే ఏం తెలియక అంది. మీరు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు.

"అమ్మాయీ, ఆయన ప్రాణం పెట్టింది కాపలాకి. కాపలా ఉన్న మనిషి పోయాడని, కాపాడిన చోట్లో ఆయన్నే కూర్చోబెడతారా? రేపు పేపర్లో నూట పదిహేడు వచ్చిందని రాస్తే ఏం చేస్తారు? మాస్టార్ని లేపి పక్కకి జరగమంటారా? లేకపోతే వచ్చినదాన్ని, మా మాస్టారున్నారు వెళ్ళిపొమ్మంటారా?"

టీచరమ్మ తల వంచుకుంది. ఇప్పుడు ఈ ముక్క రాస్తూ కూడా వంచుకునే ఉంది. రాయమ్మా, ఆపకు.

కుళాయి వరసలో మాస్టారి చోటు ఇప్పుడు లేదు. బకెట్టు వాళ్ళ చెల్లెలు తీసుకువెళ్ళింది. నా బిందె వెనకాల గేదెల ఆవిడ బిందె జరిగింది. చూస్తే నాకు కష్టంగానే ఉంటుంది, కానీ అది న్యాయం. ఆయన ఇంక రారు. రానివాళ్ళకి చోటు ఉంచరు, వచ్చేవాళ్ళకి ఉంచుతారు. ఆ తేడా మా వీధిలో నీళ్ళు పట్టే ప్రతి ఆడదానికీ తెలుసు. ఆ గడిలో మీరు ఆయన పేరు రాస్తే, ఆయన్ని ఇంకొకరి వంతులో దూర్చినవాళ్ళవుతారు. బతికున్నంతకాలం ఆ మనిషి ఒక్కరి వంతూ తినలేదు.

పేరు వద్దని నేను అనడం లేదు. పైన, ఒకటో నెంబరుకీ రెండో నెంబరుకీ మధ్య కావలసినంత చోటుంది. అక్కడికి ఎన్నటికీ ఎవరూ రారని ఆయనే చెప్పారు. అది ఎవరి వంతూ కాదు. అక్కడ రాయండి, ఆయన బొమ్మ కూడా వెయ్యండి, పూలదండ వెయ్యండి. గేదెల ఆవిడని అడిగాను. "పిడకలు నేను ఎక్కడ కొట్టుకోవాలండీ?" అని కాసేపు సణిగింది. తరువాత తనే స్టూలెక్కి, ఎండినవీ ఎండనివీ అన్నీ ఊడదీసి, గోడ కడిగి దిగింది. "మాస్టారు గనక ఇస్తున్నానండి, ఇంకొకళ్ళకైతే ఇచ్చేదాన్ని కాదు" అంది. ఆవిడకి కూడా మీరు ఒక దండం పెట్టాలి.

వచ్చే ఆదివారం సభ అంటున్నారు, పెయింటరు మళ్ళీ వస్తాడంటున్నారు. నాకు చదువు రాదు కదా, ఆ గడిలో చిన్నగా ఏదో ఒకటి రాసేస్తే ఈవిడకేం తెలుస్తుంది అని ఎవరికైనా ఉంటే, ఆ ఆలోచన మానుకోండి. రాసింది ఎవరి పేరో నాకు తెలియకపోవచ్చు. ఖాళీగా ఉందో లేదో చూడడానికి చదువు అక్కర్లేదు.

నిన్న పొద్దున్న సగం ఇటుక ఒకటి తీసుకువెళ్ళి ఆ గడికి తిన్నగా కింద, గోడ మొదట్లో పెట్టాను. అది ఎవరిదని ఒక్కరూ అడగలేదు. కుళాయి గురక పెట్టింది, బిందెలు ఒక్కొక్కటే ముందుకి జరిగాయి. ప్లాస్టిక్ బిందె కోడలికి ఇప్పుడు చంకలో పిల్లాడున్నాడు. నిండు బిందె ఎత్తుకుని, పిల్లాణ్ణి సర్దుకుని, ఇటుక దగ్గరికి రాగానే చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని దాన్ని చుట్టి వెళ్ళింది. బిందెలోంచి తొణికిన నీళ్ళు గోడ మీద పడి, చుట్టూ ఉన్న రంగుల మధ్య ఆ ఒక్క గడీ తెల్లగా తడిసి ఉంది.